పాత పాట, కొత్త గొంతు: నెల్లూరు తీరం విశేషాలు

పేరిచ్చిన పాట

'పాడుతా తీయగా' అంటే ముందు గుర్తొచ్చేది టీవీ కార్యక్రమమా, సినిమా పాటా? ఇంట్లో తాతయ్యనీ మనవడినీ ఒకేసారి అడిగి చూడండి, రెండు జవాబులు వస్తాయి. పాట 1964 నాటిది. ఆదుర్తి సుబ్బారావు తీసిన 'మూగమనసులు' కోసం ఆచార్య ఆత్రేయ రాశారు, కె.వి.మహదేవన్ బాణీ కట్టారు, ఘంటసాల పాడారు. కార్యక్రమం 1996లో ఈటీవీలో మొదలైంది. నడిపింది ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం (బాలు). ఆ పాట పల్లవిలోని మొదటి రెండు మాటలే కార్యక్రమానికి పేరయ్యాయి.

విశేషం ఎక్కడుందంటే, పాట రాసిన ఆత్రేయది సూళ్లూరుపేట దగ్గరి మంగళంపాడు. పాత పాటలకు కొత్త గొంతులు వెతికిన బాలు పెరిగింది నెల్లూరులో. ఇద్దరిదీ ఒకే తీరం. సూళ్లూరుపేట 2022లో తిరుపతి జిల్లాలోకి వెళ్లింది గానీ, ఆత్రేయ పుట్టిన 1921లో అది నెల్లూరు జిల్లాయే. అసలు పేరు కిళాంబి వేంకట నరసింహాచార్యులు. ఆయన రాయక నిర్మాతల్ని, రాసి ప్రేక్షకుల్ని ఏడిపిస్తారని సినిమావాళ్లు ముచ్చటగా చెప్పుకునేవారు.

మహదేవన్ పద్ధతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ముందు సాహిత్యం చేతికి రావాలి, ఆ తర్వాతే బాణీ. మాట ఎక్కడ ఆగితే రాగం అక్కడ ఆగుతుంది, మాట ఎక్కడ సాగితే రాగం అక్కడ సాగుతుంది. అందుకే ఆయన పాటల్ని వాద్యాలన్నీ తీసేసి ఒట్టి గొంతుతో పాడుకున్నా నిలబడతాయి. తర్వాతి తరాల వాళ్లు ఆయన పాటల్ని తంబూరా శ్రుతి మీదో, ఒక్క గిటారు మీదో హాయిగా పాడుకోగలగడానికి అసలు కారణం అదేనని నా నమ్మకం.

పడవవాడి నాలుక

'మూగమనసులు'లో ఆ పాట పాడే గోపి గోదావరి మీద పడవ నడిపేవాడు. అందుకని పల్లవి మూడో మాటలో 'చ' రావలసిన చోట 'స' వినిపిస్తుంది. ఘంటసాల ఆ యాసను అలాగే ఉంచారు. మెత్తగా, జోలపాటకు తగినట్టు, ఒత్తి చెప్పకుండా పలికారు. పోటీలో పాడే పిల్లలు చాలామంది తమకు తెలియకుండానే దాన్ని 'చ'గా దిద్దేస్తారు. దిద్దిన మరుక్షణం పాటలోంచి పడవవాడు దిగిపోతాడు.

ఇలాంటి చిన్న సంగతుల దగ్గర బాలు ఎంత పట్టుగా ఉండేవారో ఆ కార్యక్రమం చూసినవాళ్లందరికీ తెలుసు. శ, ష, స వేరువేరుగా వినిపించాలి. ల, ళ కలిసిపోకూడదు. ఒత్తు జారకూడదు. పాడే ముందు సినిమా పేరు, రచయిత పేరు, సంగీత దర్శకుడి పేరు, మొదట పాడినవాళ్ల పేరు చెప్పాలి. ఫలానా చోట వేణువు ఏం పలికిందో, మూలంలో గాయకుడు ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో ఆయన విడమరిచి చెప్పేవారు. పిల్ల పాడినది నచ్చితే ఆ సంతోషం దాచుకునేవారు కాదు. పాత పాటను మరొకరు పాడితే ఎలా వినాలో తెలుగు ఇళ్లకు నేర్పింది ఈ కార్యక్రమమే. ఉష, గోపికా పూర్ణిమ, మల్లికార్జున్ వంటి గాయకులు అక్కడి నుంచే సినిమాకు వచ్చారు. అమెరికాలోని తెలుగు పిల్లలతోనూ ఆ పోటీ జరిగింది. బాలు వెళ్లిపోయాక ఆయన కుమారుడు ఎస్.పి.చరణ్ నడుపుతున్నారు.

అదే కథ, ఆ బాణీ మాత్రం రాలేదు

'మూగమనసులు' కథను ఆదుర్తే హిందీలో 'మిలన్'గా తీశారు (1967). అందులో లక్ష్మీకాంత్-ప్యారేలాల్ కొత్త బాణీలు కట్టారు, హీరో పాటలు ముఖేశ్ పాడారు. తమిళంలో అదే కథ 1971లో 'ప్రాప్తం' అయింది. దానికి దర్శకురాలు తెలుగు మాతృకలో నాయికగా నటించిన సావిత్రి. కథ మూడు భాషల్లో వచ్చింది, ఆత్రేయ-మహదేవన్‌ల జోల మాత్రం తెలుగులోనే ఉండిపోయింది.

గూడూరులో రెండో బహుమతి

బాలు 1946 జూన్ 4న కోనేటమ్మపేటలో పుట్టారు. అది ఇప్పుడు తమిళనాడులోని తిరువళ్లూరు జిల్లాలో ఉంది. తండ్రి ఎస్.పి.సాంబమూర్తి హరికథలు చెప్పేవారు. ఇంట్లో సంగీతం ఉంది గానీ, కుర్రవాడు గురువు దగ్గర కూర్చుని పద్ధతిగా నేర్చుకున్నది లేదు. రేడియోలో విన్నది పట్టుకోవడం, పాడడం, అంతే. గూడూరులో ఒక పాటల పోటీకి గాయని ఎస్.జానకి ముఖ్య అతిథిగా వచ్చారు. బాలుకు రెండో బహుమతి ప్రకటించారు. మొదటిది ఈ అబ్బాయికి రావలసింది కదా అని జానకి నిర్వాహకులతో అన్నారు. ఈ సంగతిని బాలు జీవితాంతం కృతజ్ఞతతో చెప్పుకుంటూనే వచ్చారు.

తర్వాత మద్రాసులో జరిగిన మరో పోటీకి న్యాయనిర్ణేతలు ఎవరో చూడండి: ఘంటసాల, పెండ్యాల, సుసర్ల దక్షిణామూర్తి. అక్కడ మొదటి బహుమతి వచ్చింది. ఆ పాట విన్న సంగీత దర్శకుడు ఎస్.పి.కోదండపాణి 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న'లో అవకాశం ఇచ్చారు. 1966 డిసెంబరు 15న తొలి పాట రికార్డయింది. తర్వాత బాలు సొంతంగా పెట్టుకున్న రికార్డింగు స్టూడియోకు కోదండపాణి పేరే పెట్టుకున్నారు.

పోటీలో పాడి పైకొచ్చిన మనిషి యాభై ఏళ్లు వచ్చేసరికి పోటీ నడిపే చోటికి వచ్చారు. ఆ కుర్చీలో ఆయన చూపిన ఓర్పు గూడూరు నుంచీ మద్రాసు నుంచీ తెచ్చుకున్నదని నేను అనుకుంటాను.

వెంకటగిరి నుంచి వచ్చిన మెత్తని గొంతు

బాలు కంటే ముందే ఈ ప్రాంతం తెలుగు పాటకు ఒక సుతిమెత్తని గొంతునిచ్చింది. రావు బాలసరస్వతీ దేవి 1928లో వెంకటగిరిలో పుట్టారు. అప్పుడు అదీ నెల్లూరు జిల్లాయే. 1936లో బాలనటిగా తెరకెక్కారు. తెలుగులో తొలి నేపథ్య గాయని అన్న పేరు ఆమెదే. రేడియోలో లలిత సంగీతం అనగానే మొదట తలచుకునేదీ ఆమెనే.

ఆమె పాడిన ఒక 'పాత పాట' గురించి ప్రత్యేకంగా చెప్పాలి. 1953 నాటి 'దేవదాసు'లో చంద్రముఖి నృత్యానికి క్షేత్రయ్య పదం ఒకటి వాడుకున్నారు. క్షేత్రయ్య 17వ శతాబ్దం వాడు. పదమంటే అభినయానికి, విలంబంగా, ఒక్కో మాటనూ నాలుగు రకాలుగా తిప్పి చెప్పే రచన. సినిమాలో దానికి దొరికే వ్యవధి కొద్ది నిమిషాలు. బాలసరస్వతి దాన్ని తొందరపెట్టకుండా, బరువు తగ్గనివ్వకుండా పాడారు. మూడు వందల ఏళ్ల నాటి పదాన్ని సినిమా హాల్లో టికెట్టు కొని విన్న జనం 'దేవదాసు' పాటల్లో ఒకటిగా కలిపేసుకున్నారు. ఆ సినిమాలో ఘంటసాల పాటలకు వచ్చిన పేరులో ఇది కొంచెం మరుగున పడింది. ఇవాళ వెతుక్కుని వినదగినది ఇదే.

మైకు రాకముందు ఈ మెత్తదనం కుదిరేది కాదు

ఇదొక యంత్రం చేసిన మేలు. 1925కు ముందు గ్రామఫోను రికార్డింగుకు మైకు లేదు. గాయకుడు ఒక పెద్ద కొమ్ము ముందు నిలబడి గట్టిగా పాడితే, ఆ గాలి ఒత్తిడే మైనం మీద గీత గీసేది. చిన్న గొంతుకు అక్కడ చోటు లేదు. మన నాటకాల్లోనూ అంతే. పద్యం చివరి వరసకు వినిపించాలి, హార్మోనియంను మించి వినిపించాలి. 1932లో తెలుగు టాకీ వచ్చినప్పుడు నటులు ఆ రంగస్థలపు గొంతునే తెరకు తెచ్చారు.

మైకు వచ్చాక అమెరికాలో బింగ్ క్రాస్బీ లాంటివాళ్లు చెవిలో చెప్పినట్టు పాడడం మొదలుపెట్టారు. మనకు ఆ మార్పు రేడియోతోనూ నేపథ్య గానంతోనూ వచ్చింది. మద్రాసు రేడియో కేంద్రాన్ని ఆకాశవాణి 1938లో ప్రారంభించింది. స్టూడియోలో ఎదురుగా జనం ఉండరు కాబట్టి అరవాల్సిన పని లేదు. ఎ.ఎం.రాజా, పి.బి.శ్రీనివాస్ వంటి వాళ్ల గొంతులు ఆ వెసులుబాటు వల్లే మనకు దక్కాయి. ఒక పాటను పదేళ్లకో పాతికేళ్లకో మరింత తగ్గు స్థాయిలో మళ్లీ పాడుతున్నారంటే, దాని వెనక మైకు పనితనం మెరుగుపడుతూ వచ్చిన చరిత్ర కూడా ఉంది. ఇప్పుడు ఊపిరి చప్పుడు కూడా రికార్డవుతుంది. గాయకుడికి అది వరం, పరీక్ష కూడా.

రొయ్యల గుంటల కాడ

నెల్లూరు తీరం వెంబడి రొయ్యల గుంటల దగ్గర రాత్రి కాపలా ఉండేవాళ్లు పాటలు వినే తీరు గమనించదగ్గది. నీళ్లలో ఏరియేటర్లు రెక్కలు కొడుతూ ఉంటాయి, చప్పుడు ఒక పట్టాన ఆగదు. నిద్రపోతే కుదరదు. కరెంటు పోయి ఏరియేటరు నిలిచిందంటే నీళ్లలో ప్రాణవాయువు తగ్గి రొయ్య తేలిపోతుంది. చేతిలో ఫోను, దాన్ని స్టీలు గ్లాసులో నిలబెడితే శబ్దం కాస్త పెరుగుతుంది. ఆ బుల్లి స్పీకరులో మంద్రపు వాద్యాలు దాదాపు వినిపించవు. డోలు, బేస్ గిటారు మాయమవుతాయి. మనిషి గొంతు ఉండే మధ్య స్థాయి ధ్వనులే తేటగా వస్తాయి. అందుకని పెద్ద ఆర్కెస్ట్రాతో చేసిన కొత్త పాట గోలగా తేలిపోతుంది, ఒకటి రెండు వాద్యాలతో పాడిన పాత పాట మాట మాటా వినిపిస్తుంది. మెత్తని పాటే అంత చప్పుడులో నెగ్గుతుంది.

అంతకు ముందు తరం ఇదే తీరంలో సిలోన్ రేడియో తెలుగు పాటలు వినేది. మీనాక్షి పొన్నుదురై అనే శ్రీలంక వ్యాఖ్యాత తెలుగులో పాటల్ని పరిచయం చేసేవారు. ఆవిడ గొంతు కోసమే రేడియో పెట్టుకున్నవాళ్లున్నారు.

రెండు కోవూర్లు

త్యాగరాజ స్వామి 'కోవూరు పంచరత్నాలు' నెల్లూరు పక్కన పెన్న అవతలి కోవూరువే అనుకునేవాళ్లు ఉన్నారు. కాదు. ఆ ఐదు కృతులు చెన్నై దగ్గర కున్రత్తూరు పక్కనున్న కోవూరులోని సుందరేశ్వర స్వామి మీదివి.

త్యాగరాజుది కాని త్యాగరాజ కృతి

'బ్రోచేవారెవరురా' త్యాగరాజ కీర్తనే అని పందెం కట్టేవాళ్లు కనిపిస్తే జాగ్రత్తగా దిద్దండి. అది మైసూరు వాసుదేవాచార్యులది. 1865 నుంచి 1961 దాకా బతికిన కన్నడిగుడు. తెలుగులో రాశారు, ఖమాస్ రాగంలో. 1980 నాటి 'శంకరాభరణం'లో బాలు, వాణీ జయరాం ఆ కృతిని పాడాక అది కచేరీ హాలు దాటి కాఫీ హోటళ్లలోకి, పెళ్లి పందిళ్లలోకి వచ్చేసింది.

'శంకరాభరణం'కు మహదేవన్ సంగీతం. శాస్త్రీయంగా నేర్చుకోని బాలుకు ఆయన సహాయకుడు పుహళేంది సాధన చేయించారు. ఆ సినిమాకు బాలుకూ వాణీ జయరాంకూ కూడా జాతీయ పురస్కారాలు వచ్చాయి. బాలుకు వచ్చిన ఆరు జాతీయ పురస్కారాల్లో అదే మొదటిది. సంగీతం తెలిసినవాళ్లు కొందరు అది పూర్తి కచేరీ పద్ధతి కాదన్నారు. నిజమే, కాదు. సదాశివ బ్రహ్మేంద్రుల కీర్తన, రామదాసు కీర్తన ఆ సినిమాలో కొద్ది నిమిషాల్లో ముగుస్తాయి, స్వరకల్పనల జోలికి ఎక్కువగా పోవు. అయితే ఆ క్లుప్తత వల్లే, ఆ మెత్తదనం వల్లే, కచేరీ గడప తొక్కనివాళ్లు ఆ కీర్తనల్ని నోటికి నేర్చుకున్నారు. ఆ తర్వాత పిల్లల్ని సంగీతం క్లాసులో చేర్పించిన తల్లిదండ్రులెందరో.

మూలమే లేని పాటలు

మరి ఏది మూలం, ఏది కొత్తది అని తేల్చలేని పాటలూ ఉన్నాయి. తాళ్లపాక అన్నమయ్య 1408 నుంచి 1503 దాకా జీవించాడు. ఆయన సంకీర్తనలు రాగిరేకుల మీద చెక్కి తిరుమలలో భద్రపరిచారు. దొరికినవి పన్నెండు వేలకు పైచిలుకు. రేకుల మీద రాగం పేరుంటుంది, ఎలా పాడాలో చెప్పే స్వరం ఉండదు. అంటే అన్నమయ్య పాడుకున్న బాణీ మనకు అందలేదు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటివారు 20వ శతాబ్దంలో కట్టిన బాణీలనే మనం అన్నమయ్య పాటలుగా ఎరుగుదుము. 1997లో 'అన్నమయ్య' సినిమాకు కీరవాణి సంగీతం ఇచ్చారు, జాతీయ పురస్కారం అందుకున్నారు. నాయకుడికి గొంతు నెల్లూరు బాలుదే. ఇవాళ చాలామందికి అన్నమయ్య గొంతు అంటే అదే.

ఒకే బాణీ, నలుగురు గాయకులు

'సువర్ణసుందరి' (1957) కోసం పి.ఆదినారాయణరావు సోహిని, బహార్, జౌన్‌పురి, యమన్ రాగాల్లో ఒక యుగళగీతం కట్టారు. తెలుగులో ఘంటసాల, జిక్కి పాడారు. అదే బాణీని హిందీ 'సువర్ణసుందరి'లో లతా మంగేష్కర్, మహమ్మద్ రఫీ పాడారు. ఉత్తరాదివాళ్లు దాన్ని తమ పాటగానే ప్రేమిస్తారు. రెండూ పక్కపక్కన వినండి. జిక్కి గొంతులోని అమాయకత్వాన్ని నేను దేనికీ వదులుకోను.

రఫీ తెలుగులోనూ పాడారు. 'భలే తమ్ముడు' (1969), 'ఆరాధన' (1976) సినిమాల్లో ఎన్.టి.రామారావుకు గొంతునిచ్చారు. 'ఆరాధన' హిందీ 'గీత్'కు తెలుగు రూపం, నాయిక మన నెల్లూరు వాణిశ్రీ. హిందీలో తాను పాడిన ఒక పాట బాణీలోనే రఫీ ఇక్కడ 'నా మది నిన్ను పిలిచింది' పాడారు. సంగీతం సాలూరి హనుమంతరావు. రఫీ ఉచ్చారణలో పరభాష చాయ తెలుస్తూనే ఉంటుంది. ఒత్తుల దగ్గర అంత కఠినంగా ఉండే తెలుగు శ్రోతలు ఇక్కడ మాత్రం ఏమీ అనలేదు. యాభై ఏళ్లుగా ఆ పాటను గుండెల్లో పెట్టుకున్నారు. బాలుకు రఫీ అంటే ఆరాధన, ఆ మాట ఆయన ఎన్ని వేదికల మీద చెప్పారో లెక్కలేదు.

శ్రుతి మారిస్తే పాట మారుతుంది

మగవాళ్లు సాధారణంగా ఒకటి, ఒకటిన్నర, రెండు శ్రుతుల్లో పాడతారు. ఆడవాళ్లకు ఐదు, ఐదున్నర, ఆరు అనుకూలం. మగ గొంతుకు కట్టిన పాటను అదే శ్రుతిలో అమ్మాయి పాడబోతే పల్లవి నేల మీద పాకుతుంది, లేదా చరణం అందనంత పైకి పోతుంది. శ్రుతి మార్చి పాడినప్పుడు పాట బరువు కూడా జరుగుతుంది. అబ్బాయి వేడుకోలులా వినిపించిన చోటు అమ్మాయి గొంతులో తనతో తాను చెప్పుకునే మాటలా వినిపించవచ్చు.

దీనికి మంచి ఉదాహరణ 2018లో దొరికింది. తూర్పుగోదావరి జిల్లా వడిసలేరుకు చెందిన వ్యవసాయ కూలీ బేబి, 'ప్రేమికుడు' సినిమాలోని 'ఓ చెలియా' పాడిన వీడియో ఊళ్లు దాటింది. వాద్యం లేదు, మైకు లేదు. 1994లో ఆ పాట కట్టిన ఎ.ఆర్.రెహమాన్ స్వయంగా ఆ వీడియోను తన ఫేస్‌బుక్‌లో పంచుకున్నారు. మొదట పాడినది కర్ణాటక సంగీత విద్వాంసుడు ఉన్నికృష్ణన్. సినిమాకు ఆయన పాడిన తొలి పాటల్లోనే జాతీయ పురస్కారం తెచ్చుకున్న బాణీ అది. అంతటి విద్వాంసుడు పాడినదాన్ని, సంగీతం నేర్వని ఒక కూలీ మనిషి పాడితే జనం ఎందుకు కరిగిపోయారు? ఆవిడ ఉన్నికృష్ణన్‌ను మించబోలేదు. సంగతులన్నీ వేయాలని తాపత్రయపడలేదు. తనకు అందినంతవరకు నిండుగా, శ్రుతి తప్పకుండా పాడారు. ఆ నిజాయితీకే శ్రోతలు పడిపోయారు.

తర్వాత రఘు కుంచె ఆమెతో పాడించారు. ఆయన సంగీతం ఇచ్చిన 'పలాస 1978'లో 'ఓ సొగసరి' పాటలో బేబి పక్కన పాడిన గొంతు ఎవరిదో తెలుసా? బాలుదే. సినిమా 2020 మార్చిలో వచ్చింది.

హవాయి కబురు

ఇదే ముచ్చట సముద్రాలకు అవతల కూడా జరిగింది. 1939 నాటి 'ద విజార్డ్ ఆఫ్ ఓజ్'లో జూడీ గార్లాండ్ పాడిన ఇంద్రధనుస్సు పాట అమెరికా అంతటికీ తెలుసు. హవాయికి చెందిన ఇజ్రాయెల్ కమకవివోఓలె 1988లో ఒక రాత్రి హొనొలులు స్టూడియోకు వెళ్లి, ఉకులేలే ఒక్కటి పట్టుకుని దాన్ని పాడారు. 1993లో ఆల్బమ్‌లో చేర్చారు. మాటలు ఒకటి రెండు చోట్ల మారాయి కూడా. శ్రోతలు పట్టించుకోలేదు. 2021లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దాన్ని భద్రపరచవలసిన రికార్డింగుల జాబితాలో చేర్చింది.

చట్టం ఏమంటుంది?

నెల్లూరులోనో కావలిలోనో ఒక కుర్రాడు పాత సినిమా పాట తన గొంతుతో రికార్డు చేసి అమ్మాలనుకుంటే? మన కాపీరైటు చట్టంలో 2012 సవరణతో వచ్చిన 31సి సెక్షన్ చూడాలి. మూల రికార్డింగు వచ్చిన ఏడాది ముగిశాక ఐదేళ్లు ఆగాలి. హక్కుదారుకు ముందుగా తెలియజేసి రాయల్టీ కట్టాలి, ఏడాదికి కనీసం 50,000 ప్రతుల లెక్కన. సాంకేతికంగా తప్పనిసరైతే తప్ప, హక్కుదారు ఒప్పుకోని మార్పులు చేయకూడదు. ఇది వేరేవాళ్లు పాడిన పాట అని అట్ట మీద రాయాలి. ఇంకో షరతు చాలామందికి తెలియదు: మొదట పాడినవారి పేరు గానీ బొమ్మ గానీ, ఆ సినిమా బొమ్మ గానీ అట్ట మీద వేయకూడదు. ఘంటసాల మీద భక్తితో ఆయన ఫోటో వేద్దామనుకునే అభిమానికి ఇది కష్టంగా తోస్తుంది. కొనేవాడు మూలమే అనుకుని మోసపోకూడదన్నది ఆ నిబంధన ఉద్దేశం, అది సబబే.

సౌండు రికార్డింగు మీద హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు. 'దేవదాసు' రికార్డింగుకు ఆ గడువు 2013తో తీరిపోయింది. సాహిత్యానికి లెక్క వేరు, రచయిత మరణించాక 60 ఏళ్లు. సముద్రాల రాఘవాచార్య 1968లో కన్నుమూశారు కాబట్టి ఆ సినిమాకు ఆయన రాసిన పాటల మీద హక్కు 2028 చివరిదాకా ఉంటుంది.

పాడినవారికే పాట దూరమైన సందర్భమూ ఉంది. 2017 మార్చిలో బాలు అమెరికాలో కచేరీలు చేస్తుండగా, అనుమతి లేకుండా తన పాటలు వేదిక మీద పాడవద్దని ఇళయరాజా తరఫున నోటీసు వచ్చింది. బాలు ఆ పాటలు మానేసి పర్యటన కొనసాగించారు. రెండేళ్లకు, 2019 జూన్‌లో, చెన్నైలో ఇద్దరూ ఒకే వేదిక మీద కనిపించారు. ఊపిరి పీల్చుకున్నది అభిమానులే.

తిప్పరాజువారి వీధి

నెల్లూరు తిప్పరాజువారి వీధిలోని తమ ఇంటిని బాలు 2020 ఫిబ్రవరిలో వేద పాఠశాల కోసం కంచి కామకోటి పీఠానికి ఇచ్చేశారు. ఆ ఏడాది సెప్టెంబరు 25న ఆయన పోయారు. నవంబరులో రాష్ట్ర ప్రభుత్వం నెల్లూరు ప్రభుత్వ సంగీత నృత్య పాఠశాలకు ఆయన పేరు పెట్టింది.

ఇద్దరూ కలిసి పాడినది

బాలు ఘంటసాల పాటలు మళ్లీ పాడడం అందరూ విన్నారు. ఇద్దరూ కలిసి పాడినది విన్నారా? విశ్వనాథ సత్యనారాయణ నవల ఆధారంగా 1969లో వచ్చిన 'ఏకవీర'లో 'ప్రతి రాత్రి వసంత రాత్రి' ఉంది. ఎన్.టి.రామారావుకు ఘంటసాల, కాంతారావుకు బాలు. సంగీతం మళ్లీ మహదేవనే. అప్పటికి బాలు వయసు ఇరవై మూడు. ఎదురుగా ఉన్నది చిన్నప్పటి నుంచి విని నేర్చుకున్న గొంతు. బాలు అక్కడ ఆయనను అనుకరించలేదు, ఆయనతో పోటీకీ దిగలేదు. గొంతు ఒక మెట్టు తగ్గించి, తన వంతు వచ్చినప్పుడు తేలిగ్గా అందుకున్నారు. ఘంటసాల కూడా కుర్రవాడికి చోటిచ్చి పాడారు. నెమ్మదిగా పాడడం అంటే ఏమిటని పిల్లలు అడిగితే నేను పెట్టి వినిపించే పాట ఇదే.